గాలి లేకుండా అరవై నాలుగు కిలోమీటర్లు

షోరూముల వాళ్ళు ఆయన్ని వెనకాల 'పోస్టుమార్టం' అంటారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఇరవై రెండేళ్ళుగా చచ్చిపోయిన టైర్ల లోపల చెయ్యి పెట్టి, అవి ఎందుకు చచ్చిపోయాయో కాగితం మీద రాసే మనిషికి ఇంకేం పేరు పెడతారు? టైర్ల కంపెనీ ఆయన్ని ఇన్‌స్పెక్టరుగా ఊరూరా తిప్పుతుంది. కొత్త టైరు పాడైంది, తప్పు కంపెనీదే, బదులుగా ఇంకోటి ఇమ్మని ఎవరైనా క్లెయిము పెడితే, వెళ్ళి చూసి అవుననో కాదనో చెప్పాలి. పదిట్లో తొమ్మిదిసార్లు కాదనే చెప్పాల్సి వస్తుంది. అందుకని ఏ ఊళ్ళోనూ ఆయన రాక కోసం ఎదురుచూసేవాళ్ళు లేరు. బయల్దేరుతుంటే ఇంకో పూట ఉండమనేవాళ్ళూ లేరు.

ఆ మంగళవారం పొద్దున కూడా బస్సులో ఆయన పక్క సీటు దారి పొడుగునా ఖాళీగానే వచ్చింది. రబ్బరు వాసన ఆయన చొక్కాలకు, సంచీకి, చివరికి చేతిగడియారం పట్టీకి కూడా ఎక్కిపోయింది. ఎన్ని ఉతుకులు ఉతికినా వదలదు. పక్కన కూర్చున్నవాళ్ళు రెండు స్టాపులు ఓపిక పట్టి, ఇంకెక్కడైనా చోటు కనిపించగానే లేస్తారు. వాళ్ళకు మొహమాటం లేకుండా ఆయన ముందే కిటికీలోకి చూస్తూ కూర్చుంటాడు.

షోరూము ముందు భాగమంతా అద్దాలు. లోపల కొత్త కార్లు, చల్లగాలి, నున్నటి నేల. ఆయన పని ఎప్పుడూ వెనక రేకుల షెడ్డులోనే. సర్వీసు మేనేజరు టై కొసను చొక్కా గుండీల మధ్య దోపుకుని ఎదురొచ్చాడు. ముప్పై దాటని మనిషి, నోట్లో నాలుక ఆగదు.

"రండి సార్. ఈసారి పదకొండున్నాయి. ఒక్కటి కూడా పారెయ్యకుండా మీ కోసమే దాచాం."

"ప్రేమతోనా?"

"చోటు లేక సార్."

ఆయన నవ్వి, సంచీలోంచి సరంజామా తీసి నేల మీద పరిచాడు. సుద్దముక్క, టార్చి, వంకర సూది, రెండు చెక్క ముక్కలు, పాత తువ్వాలు. పొట్టి స్టూలు లాక్కుని మొదటి టైరును మోకాళ్ళ మధ్య నిలబెట్టాడు. ముందు బయట అంతా అరచేత్తో ఒక చుట్టు. తర్వాత చెక్క ముక్కలతో అంచులు విడదీసి లోపల ఒక చుట్టు. అనుమానం ఉన్నచోట సుద్దగీత. మొదటిది గుంతలో పడి లోపల దారం తెగింది. రెండోది ఆర్నెల్లుగా తక్కువ గాలితో తిరిగింది. మూడోదాన్ని ఎవరో ఫుట్‌పాతు అంచుకు ఒరిపిడి పెట్టి ఆపుతూ వచ్చారు. కాగితాల మీద మాత్రం ముగ్గురూ 'మంచి రోడ్డు, సరైన గాలి, జాగ్రత్తగా నడిపాం' అనే రాశారు. మధ్యాహ్నానికి పది టైర్లయ్యాయి. ఒక్కటి మాత్రం నిజంగా కంపెనీ తప్పు. దాని మీద పెద్దగా సున్నా చుట్టి పక్కన పెట్టాడు.

పదకొండోది ఎత్తబోతే బరువుకే అర్థమైంది, రన్‌ఫ్లాటని. మామూలు టైరు పక్కల్ని బొటనవేలితో నొక్కితే లోపలికి పోతాయి. వీటి పక్కలు దిమ్మల్లా ఉంటాయి. మేకు దిగి గాలంతా పోయినా, ఆ దిమ్మలే కారు బరువు మోస్తూ ఇంకో ఎనభై కిలోమీటర్లు తీసుకెళ్తాయి. ఒకటే షరతు, గంటకు ఎనభై దాటకూడదు. ఇప్పుడొచ్చే ఖరీదైన కార్లకు ఇవే వేస్తున్నారు. ఉన్న సుఖాలు ఉన్నాయి, కష్టాలూ ఉన్నాయి. చిన్న రాయి తగిలినా వెన్నులో తెలుస్తుంది. ఒకసారి గాలి లేకుండా నడిస్తే ఇక అతుకు వెయ్యడానికి పనికిరాదు, పారెయ్యాల్సిందే. డిక్కీలో స్టెప్నీ కూడా ఇవ్వరు.

కాగితం చూశాడు. ఎడమ వెనక టైరు. పసుపు లైటు వెలిగినప్పుడు కారు చూపించిన కిలోమీటర్లు, ఆగినప్పుడు చూపించిన కిలోమీటర్లు, రెండూ కారు కంప్యూటర్లోంచి తీసినవి. తేడా అరవై నాలుగు. వేగం అన్నచోట 'అరవై' అని ఉంది. అంటే ఎనభై నడవాల్సిన టైరు, ఎనభై లోపు వేగంలో, అరవై నాలుగుకే చీలికలై పోయింది. కాగితం ప్రకారం తప్పు టైరుదే.

టార్చి వేసి లోపలికి చూశాడు. అడుగున గుప్పెడు నల్లటి రబ్బరు పొడి. గోడలు ముడతలు పడి నిగనిగలాడుతున్నాయి. వేలు పెట్టి రాస్తే పై పొర ఊడివచ్చి లోపల దారం బయటపడింది. తెల్లగా ఉండాల్సిన దారం కాఫీ రంగులో ఉంది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని వేళ్ళు చూసుకున్నాడు. అరవైలో నడిచిన టైరు నలుగుతుంది. ఇది ఉడికిపోయింది.

పెన్సిలు తీసి 'కాదు' అని రాయబోతుంటే సర్వీసు మేనేజరు పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"సార్, ఇది కొంచెం..."

"ఏంటి?"

"ఈ కారు కొన్నాయన అందులోనే పోయారు సార్. ఆ రోజే. గుండెనొప్పి వస్తే వాళ్ళావిడ వెనక సీట్లో పడుకోబెట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్తోంది. ఇంటి దగ్గర్లోనే మేకు దిగింది. అలాగే పోనిచ్చింది. ఆసుపత్రికి చేరే సరికే..." అతను మిగతాది చేత్తో చూపించాడు. "ఆవిడ బడిలో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పుతారు. మూడు వారాలుగా రోజూ బడి వదలగానే ఇక్కడికొచ్చి, టైరు చూసేవారు వచ్చారా అని అడిగి వెళ్తున్నారు. ఇదొక్కటి పాస్ చేసెయ్యండి సార్, పుణ్యముంటుంది."

"వేగం ఆవిడే చెప్పిందా?"

"ఆ గడి ఖాళీగా వదిలేశారు సార్. ఖాళీగా ఉంటే మీ ఆఫీసువాళ్ళు తిప్పి పంపుతారు కదా. నేనే అరవై వేశాను. సంతకం మటుకు ఆవిడదే. మేం అందరికీ అరవయ్యే వేస్తాం."

"తెలుసు" అన్నాడాయన. "అరవై దాటిన కారును ఇరవై రెండేళ్ళలో నేనింతవరకూ చూడలేదు."

*

ఆయన దిగిన లాడ్జిలో మంచం, కుర్చీ, పక్క బిల్డింగు గోడను చూపించే కిటికీ. గదులన్నీ ఒకేలా ఉండటం వల్ల ఒక సుఖముంది. ఏ ఊళ్ళో ఉన్నా స్విచ్చి ఎటుందో చీకట్లో కూడా చేతికి తెలుస్తుంది. సాయంత్రం సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కుని, కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకుని, రిపోర్టు చిత్తుప్రతి ముందు పెట్టుకున్నాడు. పది కాగితాలు పావుగంటలో అయిపోయాయి. పదకొండోది మోకాలి మీదే ఉండిపోయింది.

మూడు వారాలుగా రోజూ వచ్చి అడుగుతోందట.

తన కోసం ఒక మనిషి రోజూ వచ్చి అడగడం ఆయనకు కొత్త. టైరు కోసమే అని తెలుసు. అయినా పక్కింటివాళ్ళ పెళ్ళి భోజనం వాసన పీల్చినట్టు, ఆ మాటను కాసేపు మనసులో పెట్టుకున్నాడు. ఒక్క టైరు ఇచ్చినంత మాత్రాన కంపెనీ మునిగిపోదు. ఉడికిపోయిన దారాన్ని ఇంకెవరూ చూడరు. ఆయన 'కాదు' అన్నాక దాని మీద రెండోసారి చూసేవాళ్ళు లేనట్టే, 'అవును' అన్నాకా ఉండరు. ఇన్నేళ్ళలో ఒక్క అబద్ధం రాయలేదు. రాసే అవసరం కూడా ఎవరూ కల్పించలేదు.

చిత్తులో 'వేగం: పరిమితికి లోబడి' అని రాశాడు. 'లోపం: టైరుది.' రాశాక చెయ్యి తేలికైనట్టనిపించింది. రేపు సాయంత్రం ఆవిడ రాగానే ఎలా చెప్పాలో కూడా ఆలోచించుకున్నాడు. అమ్మా, మీ తప్పేం లేదు, మీరు జాగ్రత్తగానే నడిపారు అనాలి. ఆ వాక్యాన్ని రెండుసార్లు పైకే అన్నాడు. గదిలో తన గొంతు విని తనే కాస్త సిగ్గుపడి, టీవీ పెట్టి, శబ్దం తగ్గించి, బొమ్మలు చూస్తూ కూర్చున్నాడు.

*

బుధవారం సాయంత్రం నాలుగు దాటాక ఆవిడ వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. మెడలో కొలతల టేపు తియ్యడం మర్చిపోయి అలాగే వచ్చేసింది. భుజం మీద రెండు మూడు ఎర్రదారపు తునకలు అంటుకుని ఉన్నాయి. షెడ్డు గుమ్మం దగ్గరే ఆగి, "మీరేనా అండీ?" అంది.

"నేనేనమ్మా. రండి, కూర్చోండి." ఆయన స్టూలు తువ్వాలుతో తుడిచి ముందుకు జరిపాడు.

ఆవిడ కూర్చునేలోపే, అవతల కారు కింద పడుకుని పనిచేస్తున్న మెకానిక్కు తల బయటపెట్టకుండానే అరిచాడు. "సార్, పోస్టుమార్టం అన్నీ అయిపోయినట్టేనా? షెడ్డు కడిగించమంటారా?"

ఆయన ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నేల మీది సుద్దముక్క తీసి జేబులో వేసుకున్నాడు.

"మా ఆయనకి చెయ్యలేదండీ" అంది ఆవిడ మామూలుగానే. "అక్కర్లేదన్నారు. గుండెపోటని తెలుస్తూనే ఉంది కదా అన్నారు."

"క్షమించండమ్మా. అతను టైర్ల గురించి..."

"తెలుసండీ. చూశారా?"

రాత్రి సాధన చేసిన మాట సరిగ్గా రాలేదు కానీ, అర్థం మారకుండా చెప్పాడు. "చూశానమ్మా. మీ క్లెయిము పాస్ చేస్తున్నాను. మీకు కొత్త టైరు వస్తుంది."

ఆవిడ సంతోషపడలేదు. థాంక్సు చెప్పలేదు. మెడలో టేపు ఉందని అప్పుడే తెలిసినట్టు దాన్ని తీసి వేలికి చుట్టుకోసాగింది.

"పాస్ అంటే, కాగితం మీద ఏమని రాస్తారండీ?"

"మీరు కంపెనీ చెప్పిన పరిమితిలోనే నడిపారు, లోపం టైరులోనే ఉంది అని."

"అంటే నేను నెమ్మదిగా వెళ్ళానని."

"జాగ్రత్తగా వెళ్ళారని."

"ఎంతో అంకె కూడా రాస్తారా?"

"క్లెయిము కాగితంలో ఉన్నదే. అరవై."

చుట్టిన టేపు ఆవిడ వేలి మీంచి జారి నేల మీద పడి చివరిదాకా విప్పుకుంది. ఆయన వంగి తీసి ఇచ్చాడు. ఆవిడ అందుకుంది కానీ ఆయన వైపు చూడలేదు.

"నిజంగా అరవయ్యేనా అండీ? లోపల అలాగే ఉందా?"

ఇరవై రెండేళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. పాసయ్యాక ఎందుకు పాసైందని అడిగే మనిషి ఉంటాడా?

"ఎందుకడుగుతున్నారమ్మా?"

"మా ఆడపడుచు దగ్గర ఆ కాగితం ఉందండీ. షోరూమువాళ్ళు ఫోనుకి పంపితే నేనే చూపించాను. నేను అరవై అని చదవనే లేదు, సంతకం పెట్టమన్నచోట పెట్టేశాను. మా ఆడపడుచు చదివింది. ఆసుపత్రి ఉన్న ఊళ్ళోనే ఉంటుంది, మా ఆయనకి ఒక్కతే చెల్లెలు. నొప్పి రాగానే ఆయన దానికే ఫోన్ చేశారు, పదిన్నరకి. నేను ఆసుపత్రి గేటు దగ్గరికి చేరింది పదకొండూ నలభై అయిదుకి. గంటంబావు. డెబ్బై కిలోమీటర్లు. అరవైలో వస్తే సరిగ్గా అంతే పడుతుంది కదా వదినా అంది. గేటు దగ్గర నిలబడి ఉందప్పుడు. కారు పాక్కుంటూ రావడం నా కళ్ళతో చూశాను అంది."

"చివర్లో టైరు పూర్తిగా చీలిపోయి ఉంటుంది. రిమ్ము మీద వచ్చుంటారు."

"అయ్యుండచ్చు. ఇరవై నిమిషాల ముందొస్తే బతికేవాడని డాక్టరు అన్నాట్ట. లైటు వెలిగిందని బండి కోసం చూసుకున్నావు, మనిషిని చూసుకోలేదు అంది. ఒక్కసారే అంది. మళ్ళీ అనలేదు. నాతో ఇంకేమీ మాట్లాడటం లేదు."

"మీరేం చెప్పారు?"

"ఏం చెప్పనండీ, నాకు గుర్తులేదు." ఆవిడ మొదటిసారి ఆయన కళ్ళలోకి చూసింది. "నిజంగా గుర్తులేదు. మేడ మీంచి ఆయన్ని దింపడం గుర్తుంది. ఒక్కో మెట్టు మీద కూర్చోబెట్టి, ఊపిరి తీసుకోనిచ్చి, మళ్ళీ లేపి. బిల్డింగులో అందరూ పనులకి పోయారు. అంబులెన్సు ఆ ఊరి నుంచే రావాలి, రానూ పోనూ రెండింతలు. ఎంతసేపు దింపానో తెలీదు. తర్వాత పసుపు లైటు. ఆ తర్వాత గేటు. మధ్యలో ఏమీ లేదండీ, ఎవరో కత్తిరించేసినట్టు."

ఆవిడే మళ్ళీ అందుకుంది.

"ఈ కారు ఆయన నాకోసమే కొన్నారు. ఆయనకి చూపు తగ్గిపోయింది, నడపలేరు. చక్రం మార్చడం నా వల్ల కాదు. నువ్వు దారిలో ఒంటరిగా ఆగకూడదు, ఈ టైర్లుంటే ఆగే పనుండదు అన్నారు. అమ్మినాయన చిలక్కి చెప్పినట్టు చెప్పాడు, లైటు వెలిగితే ఎనభై మాత్రం దాటొద్దు మేడమ్ అని. నేను చెప్పిన మాట వినే మనిషినండీ. గీసిన గీత దాటి కత్తెర పెట్టను. పిల్లలకీ అదే నేర్పుతాను. అదే నా భయం. ఆయన వెనక అలా మూలుగుతుంటే నేను స్పీడు ముల్లు చూసుకుంటూ, ఎనభై దాటకుండా, బుద్ధిగా..." ఆవిడ ఆగింది. "అలా చేసుంటే చేశానని తెలియాలి కదండీ. లేకపోతే ఎలా ఉండటం?"

"మరి క్లెయిము ఎందుకు పెట్టారమ్మా?"

"క్లెయిము పెడితేనే టైరు లోపల చూసే మనిషి వస్తాడన్నారు."

"కొత్త టైరు..."

"టైరు నాకెందుకండీ?"

ఆయన చొక్కా జేబులో చిత్తుప్రతి మడత పెట్టి ఉంది. 'పరిమితికి లోబడి.' నిన్న సాయంత్రం ఎంతో దయగా రాసుకున్న మాట అది. ఇంకో పూట ఆలస్యంగా ఆవిడ వచ్చి ఉంటే, ఆ దయ ముద్ర వేయించుకుని ఆడపడుచు చేతికి చేరేది. ఆయన టైరును దొర్లించుకొచ్చి ఆవిడ ముందు నిలబెట్టి, చెక్క ముక్కలతో అంచులు విడదీశాడు. టార్చి ఆవిడ చేతికిచ్చాడు.

"చెయ్యి పెట్టి చూడండి. మసి అంటుతుంది, ఫరవాలేదా?"

ఆవిడ గాజులు పైకి తోసుకుని చెయ్యి లోపలికి పోనిచ్చింది. బట్ట నాణ్యం చూసినట్టు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దారాన్ని పట్టుకుని నలిపింది. అది పుటుక్కున తెగింది. ఇంకోచోట పట్టుకుంది. అదీ తెగింది.

"ఇది నైలానా అండీ?"

"అలాంటిదే."

"కాలింది. ఇస్త్రీపెట్టె పెట్టి మర్చిపోతే ఇలాగే అవుతుంది. రంగు కూడా ఇలాగే తిరుగుతుంది."

"అదేనమ్మా. నెమ్మదిగా వెళ్తే ఈ వేడి పుట్టదు. టైరు నలుగుతుంది, గోడలు అరుగుతాయి, కానీ దారం తెల్లగానే ఉంటుంది. మూడు వారాల కిందట కూడా ఒకటి చూశాను, డెబ్బై వేగంతో గాలి లేకుండా డెబ్బై కిలోమీటర్లు నడిచింది. దాని దారంతో మీరు గుండీలు కుట్టుకోవచ్చు."

"మరి ఇది?"

"ఎంతని అంకె చెప్పమంటే టైరు చెప్పదు. నేనూ చెప్పను. కానీ నూటికి పైనే. ఏదో ఒక నిమిషం కాదు, దారంతా. చుట్టూ ఒక్కలాగే ఉడికింది చూడండి, అక్కడక్కడా కాదు." ఆయన వేలితో లోపల ఒక చుట్టు చూపించాడు. "నూట పదనుకుంటే ఈ దూరానికి ముప్పావుగంట కూడా పట్టదు. మిగతా అరగంటా మీ మెట్లది."

ఆవిడ చెయ్యి ఇంకా లోపలే ఉంది. ఆ నల్లటి పొడిలో వేళ్ళు కదిపింది. కళ్ళు తుడుచుకోబోయి, చేతికి మసి ఉందని ఆగింది. ఆయన తువ్వాలు అందించి, అటు తిరిగి, తియ్యాల్సిన అవసరం లేని సుద్దగీతలు ఇంకో టైరు మీంచి తుడుస్తూ నిలబడ్డాడు.

"నెమ్మదిగా వెళ్ళినట్టుంటే?" అంది వెనక నుంచి. "అప్పుడూ చెప్పేవారా?"

ఆయన వెంటనే తిరగలేదు. "నిన్న నేను అబద్ధం రాద్దామనుకున్నానమ్మా. మీకు మంచి చేస్తున్నాననుకుని."

"అరవై అనా?"

"అరవై అనే."

ఆవిడ తువ్వాలు నాలుగు మడతలు పెట్టి స్టూలు మీద ఉంచింది. కోప్పడుతుందనుకున్నాడు. "అందరూ నామీద జాలిపడేవాళ్ళేనండీ" అంది. "ఒక్కళ్ళూ సరిగ్గా చూడరు." రెండడుగులు వేసి మళ్ళీ ఆగింది. "కారు అప్పట్నించీ ఇక్కడే పడుంది. ఏ టైర్లు వేయించుకోమంటారు? మళ్ళీ ఇవేనా?"

ఈ ప్రశ్నకు కంపెనీ నేర్పిన జవాబొకటుంది. ఆయన అది చెప్పలేదు. "రెండిట్లోనూ మంచీ చెడూ ఉందమ్మా. ఇవైతే ఎండలోనో వానలోనో దిగక్కర్లేదు, కారు అదుపు తప్పదు. కానీ గట్టిగా ఉంటాయి, అతుకు పడవు, చిన్న ఊళ్ళలో దొరకవు, ఎనభై దాటాక మీ ఖర్మ. మామూలువైతే మెత్తగా పోతాయి, ఏ మూలైనా బాగుచేస్తారు. కాకపోతే డిక్కీలో స్టెప్నీకి చోటు లేదు, సామాను పక్కన పడెయ్యాలి. పంచరైతే ఆగాలి, దిగాలి, మార్చుకోవాలి. తోడు మనిషి ఉంటే మామూలువే మేలు. ఒక్కరే తిరిగేవాళ్ళకి..."

"ఒక్కదాన్నే" అంది ఆవిడ. "అయినా మామూలువే వేయించండి. ఆగకుండా పోయింది చాలు."

*

గురువారం పొద్దున సర్వీసు మేనేజరు రిపోర్టు చదివి కుర్చీలోంచి లేచాడు.

"ఇదేంటి సార్? పాస్ చెయ్యకపోతే పోయె, 'వేగం అంకె వినియోగదారు చెప్పినది కాదు, షోరూములో వేసినది' అని రాశారేంటి? పైగా కింద నా సంతకమా? నా మెడకి ఉరి కదా ఇది!"

"ఆ అరవై కొట్టేసి, పక్కన సంతకం పెట్టు. పొరపాటున పడిందని రాయి. దిద్దుకుంటే ఎవరూ ఉరి తియ్యరు."

"ఆవిడకి సాయం చేద్దామనే కదా సార్ వేశాను!"

"నేనూ అంతే" అన్నాడాయన.

అతనికి అర్థం కాలేదు. పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశాడు. అద్దం తలుపు తోసుకుని కుట్టు టీచరు లోపలికొచ్చింది. వెనకే ఇంకో ఆవిడ. నలభై అయిదేళ్ళుంటాయి, చేతిసంచీ రెండు చేతులతో పొట్టకు అదిమి పట్టుకుంది. ఎవరని అడగక్కర్లేకపోయింది. ఇద్దరి మధ్యా ఇంకో మనిషి నడవగలిగినంత ఖాళీ ఉంది. సర్వీసు మేనేజరు ఆ ఖాళీని చూశాడు. తల వంచుకుని 'అరవై' మీద గీత గీసి, పక్కన సంతకం పెట్టి, రిపోర్టు ముందుకు తోశాడు.

ఆడపడుచు కూర్చోలేదు. నిలబడే చదివింది. కళ్ళజోడు తెచ్చుకోలేదేమో, కాగితాన్ని చెయ్యంత దూరంలో పట్టుకుని, పెదాలు కదుపుతూ చదివింది. 'అధిక వేడి వల్ల లోపలి దారం పూర్తిగా కాలిపోయినది. గంటకు నూరు కిలోమీటర్లకు పైబడిన వేగంతో, దూరమంతా ఆపకుండా నడిపినందున జరిగినది. టైరులో తయారీ లోపం లేదు. క్లెయిము తిరస్కరించడమైనది.' చివరిదాకా వచ్చి మళ్ళీ మొదటికి వెళ్ళింది. ఆవిడ ఏమంటుందోనని ఇన్‌స్పెక్టరు తన బూట్ల కేసి చూస్తూ నిలబడ్డాడు. తిరస్కరించిన కాగితం చదివేవాళ్ళు అరుస్తారు, బెదిరిస్తారు, ఒకసారి ఒకాయన చింపి మొహాన కొట్టాడు. అవన్నీ ఆయనకు అలవాటే. ఈ నిశ్శబ్దమే అలవాటు లేదు.

"నూటికి పైనా?" అంది ఆడపడుచు. "గాలి లేని చక్రం మీద? నీకేమైనా పిచ్చా వదినా? అది ఊడి పడుంటే? నీకేమైనా అయ్యుంటే?"

తిట్టో, ఏడుపో తెలియని గొంతు అది. కుట్టు టీచరు చేయి చాపి, కాగితం నలిగిపోకుండా ఆడపడుచు వేళ్ళ మధ్య నుంచి నెమ్మదిగా తీసుకుంది. ఆ వేళ్ళు కాగితాన్ని వదిలేసి చేతిని పట్టుకున్నాయి.

ఇన్‌స్పెక్టరు బయటికి వచ్చేశాడు. వెళ్తున్నానని చెప్పడానికి అది సమయం కాదు, చెప్పినా వినిపించుకునే స్థితిలో ఎవరూ లేరు. పన్నెండింటికి బస్సుంది. సంచీ భుజాన వేసుకుని వెనక ఆవరణలోంచి నడుస్తుంటే ఆవిడ కారు కనిపించింది. నాలుగూ కొత్త టైర్లు, మామూలువి. ఆయన అలవాటు కొద్దీ వంగి ఎడమ వెనకదాన్ని బొటనవేలితో నొక్కి చూశాడు. మెత్తగా లోపలికి పోయింది.

"ఆగండి!"

కుట్టు టీచరు గబగబా వస్తోంది. ముక్కు ఎర్రబడి ఉంది. "చెప్పకుండా పోతున్నారేంటండీ? మా ఆడపడుచు మొహం కడుక్కోడానికి వెళ్ళింది. ఈలోపు నాకు చక్రం మార్చడం చూపించండి. మామూలువి వేయించుకోమన్నది మీరే కదా."

"నేను అనలేదమ్మా, మీరే..."

"అదే లెండి. చూపించండి."

ఆయన గడియారం చూసుకున్నాడు. సంచీ దించి, చొక్కా చేతులు మడిచాడు. జాకీ ఎక్కడ ఆనించాలో చూపించాడు. చక్రం పైకి లేపకముందే నట్లు వదులు చెయ్యాలని, పానా మీద చేతులతో కాకుండా ఒంటి బరువుతో నొక్కాలని చెప్పాడు. ఆవిడ ఒకసారి చూసి, "మీరు పక్కకి జరగండి" అంది. మొదటి నట్టు కదలలేదు. పానా మీద కాలు పెట్టి నిలబడింది. కీచుమని తిరిగింది. ఆవిడ ముఖంలో మెరిసినది నవ్వని చెప్పలేం కానీ, నవ్వుకు దగ్గరిది. చక్రం తీసి, డిక్కీలో కొత్తగా పెట్టించుకున్న స్టెప్నీ ఎత్తబోతే ఆయన చెయ్యి వేశాడు. వద్దంది. మోకాలితో నెట్టి తనే ఎక్కించుకుంది.

"నట్లు వరసగా బిగించకండి. ఒకటి బిగించాక దాని ఎదురుది."

"తెలుసు. ఎంబ్రాయిడరీ ఫ్రేము కూడా అంతే. వరసగా బిగిస్తే బట్ట ఒక పక్కకి లాగేస్తుంది." ఆవిడ వంగి పని చేసుకుంటూనే అడిగింది. "మీకే కారుందండీ?"

"నాకు లేదమ్మా."

"ఇన్ని తెలిసీనా?"

"ఎవరిని ఎక్కించుకోను?"

అది వేళాకోళంగానే అన్నాడు. చాలా ఊళ్ళలో అన్నదే. విన్నవాళ్ళు నవ్వుతారు, మాట అక్కడితో అయిపోతుంది. ఆవిడ నవ్వలేదు. తలెత్తి ఆయన్ని ఒక్క క్షణం చూసింది, నిన్న టైరు లోపలికి చూసినట్టే. తర్వాత చివరి నట్టు బిగించి, లేచి, పానా ఆయనకిచ్చింది.

"సరిగ్గా బిగిశాయో లేదో చూడండి."

ఆయన నేల మీద మోకాలు ఆనించి కూర్చున్నాడు. పానా తగిలించి, ఒక్కో నట్టునూ పట్టి చూశాడు. పక్కన ఆవిడ, రెండు చేతులూ మసితో, ఏమంటాడోనని నిలబడి ఉంది. షోరూము లోపల్నుంచి ఎవరో వదినా అని పిలుస్తున్నారు. "వస్తున్నా, ఒక్క నిమిషం" అందావిడ, కదలకుండా.

నట్లన్నీ గట్టిగానే ఉన్నాయి. ఆ మాట చెప్పడానికి ఆయన కొంచెం ఆలస్యం చేశాడు.